పానా బొమ్మ

మంగళవారం, శుక్రవారం దుర్యోధన నా బండెక్కుతాడు.
మా ఉద్దానంలో ఆ పేరుకి ఎవరూ నవ్వరు.
భీమసేను అతని తమ్ముడే,
ఇద్దరిదీ ఒకటే పొయ్యి.

కవిటి నుంచి పలాస.
నాలుగు గంటలు అతని నెత్తురు మిషన్లో తిరుగుతుంది.
ఆ నాలుగు గంటలూ నేను సీటు వాల్చి
జీడిగింజల పొగ వాసనలో పడుకుంటాను,
పట్టని నిద్రకి సెల్లు అడ్డం పెట్టుకుని.

ఈ శుక్రవారం అలా కుదరలేదు.
పది రోజులుగా మీటరులో పానా బొమ్మ
పచ్చగా వెలుగుతూనే ఉంది.
కాశీబుగ్గలో కూర్మారావు షెడ్డుకి తోలుకెళ్ళాను.
బండి కింద దూరి నట్టు విప్పితే
తారులా దిగింది పాత నూనె, ఆగి ఆగి.
ఫిల్టరు డబ్బా బోర్లించి చూపించాడు:
"ఇంకో నెల తిప్పుంటే
ఇంజినుకి నీళ్ళొదిలీడమే బావూ."
కొత్తది బిగించాడు. మూడున్నర లీటర్లు పోశాడు.
పుల్ల లాగి, గుడ్డకి తుడిచి, మళ్ళీ ముంచి తీస్తే
చివర తేనె రంగు.

తిరుగు దారిలో దుర్యోధన ముందు సీట్లో కూర్చున్నాడు.
ఎడం చేతికి దూది, దూది మీద ప్లాస్టరు.
హరిపురం దగ్గర కళ్ళు తెరిచాడు.
"నూనె మార్సినానన్నావు.
ఇదింకా ఎలుగుతందేటి?"

నిజమే.
టీ కొట్టు పక్కన ఆపి కూర్మారావుకి ఫోను కొట్టాను.
"ఓలమ్మ, మరిసిపోనాను!
నూనె మార్సినట్టు బండికి తెల్దు బావూ.
దానికి తెలిసిందల్లా తిరిగిన లెక్కే.
మనమే సెప్పాల.
తాళం తిప్పు, స్టార్టు సెయ్యకు.
మీటరు పక్కన బొడిపుంటాది, నొక్కి పట్టుకో.
బొమ్మ టపటపా కొట్టుకుంటాది,
కంగారుపడి ఒదిలీకు.
పది లెక్కెట్టు."

రెండుసార్లు నొక్కాను.
రెండుసార్లూ ముందే వదిలేశాను.
"జరుగు" అని దుర్యోధన నా మీంచి ఒరిగి
స్టీరింగు సందులో కుడిచెయ్యి దూర్చాడు.
ఇరవై ఏళ్ళు కొబ్బరిచెట్లు ఎక్కి దిగిన చెయ్యి,
డొక్కలా మొద్దుబారిన బొటనవేలు.
ఒకటి రెండు అనలేదు,
కాయలు లెక్కేసిన మనిషి, పుంజీల్లో పోయాడు.
ఒక పుంజీ.
రెండు పుంజీలు.
ఇంకో రెండు కాయలు.
అతని ఎడం చెయ్యి నా మోచేతికి ఆనింది.
దూది పక్కన, చర్మం కింద, ఏదో గుర్రుమంటోంది
ఆగకుండా,
బండి న్యూట్రల్లో ఉన్నట్టు.

బొమ్మ కొట్టుకుంది. ఆరింది.
దాని చోట్లో ఒక అంకె నిలబడింది. పదివేలు.

"ఏటది?"
"మళ్ళీ అన్ని కిలోమీటర్లు తిరిగేదాకా మనల్ని అడగదు."
"ఫిల్టరుకి ఎంత తీసుకున్నాడు?"
"మూడొందల ఇరవై."
"సవకే" అన్నాడు.
తన గ్లాసులో టీ సగం నా గ్లాసులోకి ఒంపాడు.
అతనికి రోజుకి ఇన్ని నీళ్ళని కొలత.
మిగిలిన సగాన్ని
గ్లాసు నిండా ఉన్నట్టు ఊదుకుంటూ తాగాడు.

తాగుతూ పెదాలతో లెక్క కట్టాడు.
రానూ పోనూ ఎనభై. వారానికి రెండు.
"అరవై రెండు వారాలు" అన్నాడు.
కాసేపాగి, "ఏడాది దాటిపోద్ది."
ఇంకాసేపాగి,
"అప్పుడు కూడా నేనే నొక్కుతాను.
నువ్వు కంగారు మనిషివి."

సరే అన్నాను.
పెళ్ళి బాడుగలు, విశాఖ ట్రిప్పులు,
బరంపురం ఆసుపత్రికి అర్ధరాత్రి పరుగులు
అతని లెక్కలో లేవు.
నేను కలపలేదు.

కంచిలి రాకముందే నిద్రపోయాడు, నోరు కొంచెం తెరిచి.
చూస్తుండగానే అంకె ఒకటి తగ్గింది, ఇంకొకటి.
స్పీడు తగ్గించాను.
తగ్గిస్తే ఏమొస్తుంది,
మెల్లగా పోయినా
కిలోమీటరు కిలోమీటరే.